ప్రశ్నకు చోటున్న గది

(ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావుగారి స్మృతిలో, ఒక విశ్వవిద్యాలయంలోని గణాంకశాస్త్ర పరిశోధకుల సెమినార్ బృందం ముందు చేసిన ప్రసంగ పాఠం)



రావుగారి పేరిట ఉపన్యాసం అనగానే ఆయనకొచ్చిన బిరుదులూ పతకాలూ వరుసగా చదవడం మన సభల్లో ఆనవాయితీ. పద్మవిభూషణ్‌తో మొదలుపెట్టి, అమెరికా వాళ్ళ నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ మీదుగా, 102 ఏళ్ళ వయసులో 2023లో ఆయనకు ప్రకటించిన ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ దాకా వస్తే నాకిచ్చిన సమయంలో సగం అయిపోతుంది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆ జాబితా మీకు తెలిసిందే. ఈ పూట నేను ఒక తరగతి గది గురించి మాట్లాడతాను. అందులో పాఠం చెబుతున్న మాస్టారికి 23 ఏళ్ళు.

1943-44 విద్యా సంవత్సరం. కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదలై ఎంతో కాలం కాలేదు. మొదటి బ్యాచ్‌లో పట్టా పుచ్చుకున్న రావుగారే తర్వాతి వాళ్ళకు అంచనా సిద్ధాంతం చెబుతున్నారు. ఆ రోజు పాఠం గణాంకవేత్త ఫిషర్ ఇచ్చిన ఒక ఫలితం గురించి. నమూనా పెరుగుతూ పెరుగుతూ అనంతం వైపు పోతే, ఏ అంచనాకైనా ఉండే ఊగిసలాట, అంటే విస్తృతి, ఒక హద్దు కంటే కిందికి దిగదు, ఆ హద్దును నిర్ణయించేది డేటాలో ఉన్న సమాచారం. వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి అడిగారు: పరిమితమైన నమూనాకు కూడా ఇలాంటి హద్దు చూపించగలమా?

ఎంత న్యాయమైన ప్రశ్నో చూడండి. ఏ సర్వేయరు దగ్గరా, ఏ వైద్యుడి దగ్గరా అనంతమైన నమూనా ఉండదు. ఉన్నది నలభై పొలాలో, అరవైమంది రోగులో. రావుగారు ఆ రాత్రి కూర్చుని పని చేశారు. మర్నాడు నిరూపణతో తరగతికి వచ్చారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఆ ఫలితం చేరింది. స్వీడన్‌లో హరాల్డ్ క్రామెర్ విడిగా అదే చోటికి చేరుకున్నందువల్ల లోకం దాన్ని క్రామెర్-రావ్ హద్దు అంటోంది. రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ, ఇన్‌ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖకు మూలమైన ఆలోచనా అదే వ్యాసంలో ఉన్నాయి. ఇరవై అయిదేళ్ళు నిండీ నిండని వయసులో, ఒకే వ్యాసంలో, మూడు.

రావుగారి మేధస్సు గురించి చెప్పడానికి ఈ కథను వాడుకుంటూ ఉంటారు. తప్పేమీ లేదు. కానీ నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది దాండేకర్ లేచి అడగగలగడం, మాస్టారు దాన్ని పక్కన పెట్టకపోవడం. "అది సిలబస్‌లో లేదు" అనడానికి ఆయనకు అన్ని వీలులూ ఉన్నాయి. ఫిషర్ అంతటివాడు అంతవరకే చెప్పాడు, మనమెంత అనొచ్చు. అనలేదు. ఆ విద్యార్థి తర్వాత పెద్ద ఆర్థికవేత్త అయ్యారు. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో ఆయన వెలువరించిన 'పావర్టీ ఇన్ ఇండియా' ఈ దేశంలో పేదరికాన్ని లెక్కగట్టే పద్ధతి మీద చర్చను మార్చేసింది. లెక్క వేసేది పరిమితమైన నమూనాతోనే అన్న ఎరుక ఆయనకు తరగతి గదిలోనే ఉందన్నమాట.

గణాంకశాస్త్రంలో ఇవాళ మనం ఉన్నత పద్ధతులు అని పిలుచుకునేవి చాలామటుకు ఒంటరి గదుల్లో పుట్టలేదు. ఎవరో అడిగితే పుట్టాయి. అడిగినవాళ్ళలో ఎక్కువమంది మన శాస్త్రం వాళ్ళు కారు, లేదా చిన్నవాళ్ళు. ఇలాంటి సెమినార్ బృందం బతికేది వాళ్ళకు ఇక్కడ చోటుంటేనే అని నా గట్టి నమ్మకం. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

రావుగారు కలకత్తా చేరిన తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంది. ఆయన పుట్టింది 1920 సెప్టెంబరు 10న హడగళిలో, ఇప్పుడది కర్ణాటక. తండ్రిది పోలీసు ఉద్యోగం, బదిలీలతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరుగుతూ చదువు సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే చేశారు. యుద్ధకాలం. సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం రాలేదు గానీ, బస చేసిన చోట పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. వెళ్ళి చూశారు. 1941 జనవరిలో అక్కడ శిక్షణకు చేరారు.

ఆ ఇన్‌స్టిట్యూట్ అప్పటికి ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో సర్దుకున్న స్టాటిస్టికల్ లేబొరేటరీ. నడిపే ప్రశాంత చంద్ర మహలనోబిస్ భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఆయన దగ్గరికి పనులు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1920 నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ కలిశారు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తన దగ్గరున్నాయి, వీటిని ఏం చెయ్యాలి అన్నారు. తల పొడవు, ముక్కు వెడల్పు, ఎత్తు వంటివి విడివిడిగా చూస్తే ఒక సమూహం ఇంకో సమూహానికి ఎంత దగ్గరో తేలదు. కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి: పొడుగు మనిషికి చేతులూ పొడుగే. ఆ ముడిని లెక్కలోకి తీసుకుంటూ రెండు సమూహాల మధ్య దూరం కొలిచే పద్ధతి ఆ పనిలోంచి మెల్లగా రూపుదిద్దుకుని 1936 వ్యాసంతో స్థిరపడింది. దాన్ని మీరు మహలనోబిస్ దూరం అంటారు. బ్యాంకులో అనుమానాస్పద లావాదేవీని పట్టుకునే ప్రోగ్రాముల్లో ఇప్పుడు దాన్ని వాడుతున్న కుర్రవాళ్ళలో ఎంతమందికి దాని వెనక ఒక జంతుశాస్త్రవేత్త సందేహం ఉందని తెలుసు?

1926లో ఒడిశాలో వరదలొచ్చాయి. నది అడుగు మేట వేసి పైకి లేచింది, గట్లు ఎత్తు పెంచాలి అని ఇంజనీర్ల అభిప్రాయం. మహలనోబిస్ దశాబ్దాల వానల, వరదల రికార్డులు తిరగేసి, అడుగు లేచిందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఇక జనపనార సాగు ఎన్ని ఎకరాల్లో ఉందన్న ప్రశ్న 1937 నుంచి బెంగాల్ నమూనా సర్వేలకు దారి తీసింది, ఆ అనుభవమే 1950లో మొదలైన నేషనల్ శాంపుల్ సర్వేకు పునాది. ఒక్కొక్కటీ బయటివాళ్ళ అవసరమే.

అదే లేబొరేటరీలో రాజ్ చంద్ర బోస్ కథ ఇంకొక తీరు. ఆయన శుద్ధ గణితజ్ఞుడు, జ్యామితి ఆయన రంగం. మహలనోబిస్ స్వయంగా వెళ్ళి పిలిచి, చదవాల్సిన పత్రాల పెద్ద జాబితా చేతికిచ్చి స్టాటిస్టిక్స్‌లోకి దింపారు. ఆ రోజుల్లోనే నాజీల పాలన వల్ల జర్మనీలో ఉద్యోగం పోయిన ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ లెవీ కలకత్తా విశ్వవిద్యాలయానికి గణితాచార్యుడిగా వచ్చారు. పరిమిత క్షేత్రాల గురించి ఆయన చేసిన ప్రసంగాలకు బోస్ వెళ్ళి కూర్చునేవారు. అది వ్యవసాయ ప్రయోగాలకు పనికొస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు. 1937-38 శీతాకాలంలో ఫిషర్ కలకత్తా వచ్చారు. పొలంలో ఎరువులను పరీక్షించడానికి వాడే చదరాలు, అంటే ప్రతి అడ్డువరసలోనూ ప్రతి నిలువువరసలోనూ ప్రతి ఎరువూ ఒక్కసారే వచ్చే అమరికలు, ఒకదానితో ఒకటి పొసిగేలా ఎన్ని కట్టగలం అన్న విషయంలో తన ఊహ ఒకటి సెమినార్‌లో చెప్పారు. చదరం భుజం ప్రధాన సంఖ్య గానీ దాని ఘాతం గానీ అయితే పూర్తి సమితి కట్టవచ్చని ఆ ఊహ. బోస్ చేతిలో లెవీ దగ్గర విన్న పరిమిత క్షేత్రాలున్నాయి. నిరూపించి 1938లో 'సాంఖ్య' పత్రికలో వేశారు.

ఆ దారి అక్కడ ఆగలేదు. 6, 10, 14 లాంటి భుజాలున్న చదరాలకు పొసిగే జత ఉండదని ఆయిలర్ 1782లో ఊహించాడు. ఆరు విషయంలో ఆయన చెప్పింది నిజం. మిగతావి తప్పని బోస్, శ్రీఖండే, పార్కర్ 1959లో తేల్చినప్పుడు 'న్యూయార్క్ టైమ్స్' మొదటి పేజీలో వార్త వచ్చింది. శరణార్థిగా వచ్చిన ఆచార్యుడి ప్రసంగాలు, పొలం వాడి అవసరం, జ్యామితి చదివిన మనిషి: ఈ మూడూ ఒకే ఊళ్ళో కలిసినందువల్ల మొదలైంది ఈ దారి. శాఖల మధ్య గోడలు కట్టుకున్న విశ్వవిద్యాలయంలో ఇది జరగదు. గణితం వాళ్ళ ప్రసంగాలకు స్టాటిస్టిక్స్ వాళ్ళు వెళ్ళని చోట్లు నేను చాలా చూశాను.

రావుగారి పేరు పక్కన విడదీయలేనంతగా చేరిపోయిన రెండో పేరు డేవిడ్ బ్లాక్‌వెల్. ఆయన గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఏ సెమినార్ తలుపులు ఎవరికి మూసుకుంటాయో ఆయన జీవితం చెబుతుంది. బ్లాక్‌వెల్ నల్లజాతి అమెరికన్. 22 ఏళ్ళకు డాక్టరేట్ పూర్తిచేసి, 1941లో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో చేరారు. అంతటి ప్రతిభావంతుణ్ణి పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం జాతి కారణంగా తన ప్రసంగాలకు రానివ్వలేదు. తర్వాత వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్నారు.

ఈలోగా యుద్ధం. కొలంబియా విశ్వవిద్యాలయంలోని స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్‌కు ఒక నౌకాదళ అధికారి మాట చేరింది: అనుభవమున్న ఆయుధ పరీక్షకుడు కొన్ని వందల గుళ్ళు పేలగానే ఫలితం ఎటు పోతోందో చెప్పగలడు, మీ పద్ధతులు మాత్రం వేల గుళ్ళు అయ్యేదాకా ఆగమంటాయేం? ఈ సందేహం అబ్రహాం వాల్డ్ దగ్గరికి వెళ్ళింది. డేటా వస్తుండగానే ఆగాలా, కొనసాగించాలా అని తేల్చే అనుక్రమ విశ్లేషణ 1943లో అలా పుట్టింది. యుద్ధం చివరికొచ్చిన రోజుల్లో వ్యవసాయ శాఖలో పనిచేసే మేయర్ గిర్షిక్ వాషింగ్టన్‌లో దాని మీద ప్రసంగించారు. సభలో బ్లాక్‌వెల్ ఉన్నారు. గిర్షిక్ చెప్పిన ఒక సిద్ధాంతం ఆయనకు నమ్మశక్యంగా అనిపించలేదు. ఇంటికెళ్ళి, అది తప్పని చూపే ఉదాహరణ తయారుచేసి పంపారు. నిజానికి ఆ ఉదాహరణలోనే పొరపాటుంది. గిర్షిక్ నవ్వి పడేయలేదు, వచ్చి మాట్లాడమన్నారు. ఆ మాటల్లోంచి ఒక స్నేహం, ఏళ్ళ తరబడి సాగిన ఉమ్మడి పరిశోధన, ఇద్దరి పేరుతో ఒక పుస్తకం వచ్చాయి. ఆ ప్రసంగమే తనను స్టాటిస్టిక్స్‌లోకి తెచ్చిందని బ్లాక్‌వెల్ చెప్పుకున్నారు. 1947లో ఆయన ప్రచురించిన ఫలితమే రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో ఆయన వాటా.

కాబట్టి ఈ సిద్ధాంతానికి రెండు పక్కలా ప్రశ్నే ఉంది. కలకత్తాలో విద్యార్థి అడిగితే మాస్టారు చేసిన పని, వాషింగ్టన్‌లో శ్రోత తప్పుగా అభ్యంతరం చెబితే వక్త ఇచ్చిన చోటు.

సిద్ధాంతం ఏమిటో ఎమ్మెస్సీ పిల్లల కోసం ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పాముకాటు కేసులు వస్తుంటాయి. ఏ కేసూ రాని రోజుకు సంభావ్యత ఎంత? పది రోజుల లెక్క ఉంది, మొత్తం ఏడు కేసులు. మొరటు అంచనా ఒకటి ఉంది: మొదటి రోజు చూడు, కేసు లేకపోతే 1 అను, ఉంటే 0 అను. సగటున ఇది సరైనదే, కానీ తొమ్మిది రోజుల డేటాను పారబోస్తోంది. కేసులు పాయిజాన్ నియమం ప్రకారం వస్తున్నాయనుకుంటే, తెలుసుకోదగ్గదంతా ఆ మొత్తంలోనే, ఏడులోనే ఉంది. మొత్తం ఏడని తెలిశాక, ఒక్కో కేసు పది రోజుల్లో ఏ రోజైనా సమానంగా పడి ఉండవచ్చు. ఏడూ మొదటి రోజును తప్పించుకునే సంభావ్యత పదింట తొమ్మిదిని ఏడుసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 0.48. మొరటు అంచనాను సమాచారమంతా ఉన్న మొత్తం మీద సగటు చేశాం, అంతే. సగటు విలువ మారలేదు, ఊగిసలాట తగ్గింది. ఎప్పుడు చేసినా తగ్గుతుంది లేదా అంతే ఉంటుంది, పెరగదు. ఇంత సులువైన మెట్టుకు ఇంత బలముండటం నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

ఇక మన సంగతి. మన విశ్వవిద్యాలయాల్లో సెమినార్ ఎలా నడుస్తోందో మీకు నేను చెప్పక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువా, ముఖ్య అతిథి పరిచయం. తర్వాత నలభై స్లైడ్లు. "ఎనీ క్వశ్చన్స్?" అనేసరికి భోజనాల వేళ. అడిగితే గైడు ఏమనుకుంటారో అన్న భయం స్కాలర్లకు. అడిగినవాడిని తలతిక్కవాడిగా చూసే అలవాటు పెద్దలకు. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను. ఇక్కడ అడగని ప్రశ్న తర్వాత థీసిస్‌లో తప్పై కూర్చుంటుంది.

ఎలాగో చెబుతాను. ఒక ఎడ్యుకేషన్ స్కాలరు కొత్త బోధనా పద్ధతిని వంద బళ్ళలో, బడికి ముప్ఫైమంది చొప్పున మూడు వేలమంది పిల్లల మీద పరీక్షించారనుకుందాం. ప్యాకేజీలో వేస్తే పీ-విలువ 0.001 వస్తుంది, పక్కన మూడు నక్షత్రాలు పడతాయి. కానీ ఒకే బడి పిల్లలకు మాస్టారు ఒకరే, ఊరు ఒకటే, మధ్యాహ్న భోజనం ఒకటే. వాళ్ళ మార్కులు ఒకదానికొకటి స్వతంత్రం కావు. బడిలోపలి సహసంబంధం 0.2 ఉంటే విస్తృతి 6.8 రెట్లు పెరుగుతుంది. మూడు వేలమంది పిల్లలు నాలుగు వందల నలభైమందితో సమానమవుతారు. నక్షత్రాలు రాలిపోవచ్చు. దీనికి బహుళస్థాయి మోడళ్ళున్నాయి, మన బృందం నేర్చుకుంటున్నవి అవే. అయితే ఆ స్కాలరుకు కావలసింది ముందు పద్ధతి పేరు కాదు, "ఈ పిల్లలంతా ఒకే బడివాళ్ళు కదా?" అని అడిగే ఒక మనిషి.

ఇది సక్రమంగా చేసిన పని మన నేల మీదే ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల అధ్యయనం మొదలైంది. ఐదు జిల్లాలు, యాభై మండలాలు, ఐదు వందల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. మండలానికి పది బళ్ళు తీసుకుని, ఆ పదినీ లాటరీ పద్ధతిలో పంచారు: కొన్నిచోట్ల విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు, కొన్నిచోట్ల ఇంకొక రకం సాయం, కొన్నిచోట్ల ఏదీ లేదు. లాటరీ బడికి వేశారు, పిల్లవాడికి కాదు. విశ్లేషణలో ఆ సంగతి మరవలేదు. రెండేళ్ళు తిరిగేసరికి బోనసున్న బళ్ళలో గణితం మార్కులు 0.27, భాష మార్కులు 0.17 ప్రామాణిక విచలనాల మేర ఎక్కువొచ్చాయి. బోనసు మంచి విధానమా కాదా అన్నది వేరే వాదన, నాకూ అందులో సందేహాలున్నాయి. కానీ వాదించుకోవడానికి గట్టి నేల ఏర్పడింది. పరీక్ష రోజు రాని పిల్లల సంగతేమిటి, వాళ్ళు బలహీనులా, ఊరెళ్ళినవాళ్ళా అన్న ప్రశ్నను కూడా ఇలాంటి అధ్యయనం ఎదుర్కోవాల్సిందే. డేటాలో ఖాళీలు ఎందుకొచ్చాయో తెలియకుండా వాటిని సగటుతో పూడ్చే థీసిస్‌లు ప్రతి ఏటా వైవాలకు వస్తున్నాయి.

2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పీ-విలువల మీద ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది. పీ-విలువ మీ పరికల్పన నిజమయ్యే సంభావ్యత కాదని, ప్రభావం ఎంత పెద్దదో అది చెప్పదని అందులో ఉంది. ఇవి మొదటి సంవత్సరం పాఠాలే. ప్రపంచం మొత్తం మీద పరిశోధకులకు మళ్ళీ చెప్పవలసి రావడానికి కారణం సూత్రాలు రాకపోవడం కాదని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేరు జవాబిస్తుంది, ఎదురు అడగదు. అడగాల్సిన పని మనుషులది.

గురువు లేకపోయినా ఆ పని జరుగుతుందనడానికి కలకత్తా నుంచే ఇంకో సాక్ష్యం. 1950ల చివర్లో ఇన్‌స్టిట్యూట్‌లో రంగారావు, పార్థసారథి, వరదరాజన్, వరదన్ అనే కుర్ర పరిశోధకులు సంభావ్యతా సిద్ధాంతంలోని కొత్త విషయాలను ఒకరికొకరు సెమినార్లు చెప్పుకుంటూ నేర్చుకున్నారు. ఆ అంశాలు వాళ్ళకు చెప్పేవారు అక్కడ లేరు. రావుగారు వాళ్ళను కదిలించకుండా, కావలసినంత స్వేచ్ఛనిచ్చారు. 1962లో కొల్మొగొరోవ్ వచ్చినప్పుడు వరదన్ తన థీసిస్ పనిని ఆయన ముందు చెప్పారు. 2007లో వరదన్‌కు ఆబెల్ బహుమతి వచ్చింది.

ఈ బృందం కన్వీనర్లకు కొన్ని విన్నపాలు. నెలకు ఒక సమావేశమైనా వ్యవసాయ, వైద్య, సామాజిక శాస్త్రాల స్కాలరుకు ఇవ్వండి. వాళ్ళు స్లైడ్లతో రావద్దు, డేటా తీసుకుని రావాలి, ఎలా సేకరించారో చెప్పాలి. పద్ధతి పేరు ఎవరూ ఎత్తకముందు అరగంట డేటా గురించే మాట్లాడాలి. ఈ మాటలు తెలుగులో సాగనివ్వండి. విస్తృతికి వేరియన్స్ అన్నా నష్టం లేదు, కానీ గ్రామంలో ప్రశ్నావళి పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఇన్వెస్టిగేటరు కూడా ఆ గదిలో కూర్చుని, "ఆ ప్రశ్నకు ఆడవాళ్ళు అత్తగారి ముందు నిజం చెప్పరండీ" అనగలగాలి. కొలతలో దొర్లే ఆ దోషాన్ని ఏ మోడలూ తనంతట తాను కనిపెట్టదు. ప్రసంగం అయ్యాక మొదటి రెండు ప్రశ్నలు ఎమ్మెస్సీ విద్యార్థులవి. ఆచార్యులు అంతదాకా ఆగాలి, నేనూ ఆగుతాను.

ఒక రిజిస్టరు కూడా పెట్టండి, మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. ఆ రోజు జవాబు దొరకని ప్రశ్నలు అందులో రాయాలి, అడిగినవారి పేరు, తరగతి, తేదీతో సహా. దాండేకర్ పేరు మనకు తెలిసింది రావుగారు తర్వాత తనే చెప్పబట్టి. అలా చెప్పని మాస్టార్ల తరగతుల్లో అడిగినవాళ్ళు ఎందరో మనకు తెలియదు. వచ్చే సమావేశం ఆ రిజిస్టరు చదవడంతో మొదలుపెట్టండి. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే ఎవరు చెప్పారో దాని కిందే రాయండి. దొరక్కపోతే దాన్ని ఆ తర్వాతి సమావేశానికి ఎక్కించండి.